ఏ కొలత రాసుకోవాలి, ఎంతకొకసారి రాసుకోవాలి

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులతో రాయునది.

సర్వర్ల బాధ్యత నీ చేతికి వచ్చిందనీ, వాటి పనితీరు కొలతల్లో వేటిని నమోదు చేయించాలో, ఎంత వ్యవధికి ఒకసారి చేయించాలో తేల్చి రాయమనీ అడిగావు. మీ ఆఫీసులో ఉన్నవి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) సర్వర్లనీ, వాటి మీద వ్యాపారస్తుల జీఎస్టీ లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు నడుస్తుందనీ చెప్పావు కాబట్టి ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. సర్వర్లన్నిటినీ ఒకేచోట నుంచి గమనించే గ్రఫానా తెరలు, ప్రొమీథియస్ వంటివాటి సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు ప్రతి సర్వరులోనూ దాని కొలతలను అక్కడే నమోదు చేసే సిస్‌స్టాట్ అన్న సాధనం సరిగా పనిచేయాలి, ఎందుకంటే నెట్‌వర్కు తెగిపోయి పైనుంచి చూసే తెరలన్నీ ఖాళీ అయిన వేళ కూడా ఆ సర్వరు తన లెక్క తాను రాసుకుంటూనే ఉంటుంది.

సిస్‌స్టాట్ ప్యాకేజీ పెట్టినంత మాత్రాన నమోదు మొదలైందని అనుకోవద్దు. డెబియన్ (ఉబుంటుకు మూలమైన లైనక్స్), ఉబుంటుల చాలా విడుదలల్లో దాని డిఫాల్ట్ ఫైలులో 'ఎనేబుల్డ్' అన్న వరుస 'ఫాల్స్' అనే ఉంటుంది. దానిని 'ట్రూ' చేసి, సర్వీసును మళ్లీ ప్రారంభించాలి. ఆ పైన పది నిమిషాలకొకసారి శాడ్‌సీ అనే చిన్న ప్రోగ్రాము కొలతలు తీసి ఆ రోజు ఫైలులో చేరుస్తుంది, సార్ అనే ఆదేశం వాటిని చదివి చూపిస్తుంది. (పేరు అలా ఉన్నా అది మర్యాద కోసం పెట్టినది కాదు, సిస్టమ్ యాక్టివిటీ రిపోర్టుకు పొడి అక్షరాలు.) పది నిమిషాలంటే రోజుకు 144 నమోదులు. ఇవి సరిపోతాయా అన్నదే నీ ప్రశ్న. దానికి జవాబు కొలతను బట్టి మారుతుంది కాబట్టి, ముందు కొలతల్లో ఉన్న రెండు జాతులను వేరు చేసి చూడడం నేర్చుకో.

మొదటి జాతి మన ఇంటి కరెంటు మీటరు వంటిది. ప్రాసెసరు ఎంతసేపు పనిచేసింది, డిస్కు మీద ఎన్ని సెక్టార్లు రాశారు, నెట్‌వర్కు కార్డు ఎన్ని బైట్లు పంపింది అన్నవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో కూడుకుంటూ పోయే అంకెలు. మీటరు రీడరు నెలకొకసారి వచ్చినా మనం వాడిన యూనిట్లలో ఒక్కటీ తప్పిపోనట్టే, ఈ కొలతలను పది నిమిషాలకొకసారి తీసినా మొత్తం లెక్క తప్పదు. ఏ నిమిషంలో ఎక్కువ వాడామన్న సంగతి మాత్రం సగటులో కలిసిపోతుంది. రెండవ జాతి ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం వంటిది. చూసిన క్షణంలో ఎంత ఉందో అంతే తెలుస్తుంది, రెండు చూపుల మధ్య నీరు పెరిగి తగ్గిపోతే ఆ జాడ ఎక్కడా ఉండదు. అందుకే వరద రోజుల్లో దానిని గంటగంటకూ చూస్తారు. వాడకంలో ఉన్న మెమరీ, ప్రాసెసరు కోసం వేచి ఉన్న పనుల వరుస ఈ జాతిలోకి వస్తాయి.

మొదటి జాతి చేసే మోసం సగటు వల్ల వస్తుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక కార్యాలయంలో ప్రతిరోజూ మధ్యాహ్నం కంప్యూటర్లు బిగుసుకుపోతున్నాయని ఫిర్యాదు వచ్చేది. నేను నమోదుల ఫైలు (లాగ్) తెరిచి, ఆ సమయంలో ప్రాసెసరు వాడకం 20 శాతమే ఉందనీ, లోపం సర్వరుది కాదనీ కాస్త దర్పంగానే చెప్పి పంపాను. ఒక ప్రోగ్రాము 90 సెకన్ల పాటు ప్రాసెసరును నూటికి నూరు శాతం వాడుకుని, మిగతా 510 సెకన్లు వాడకం 6 శాతం ఉంటే పది నిమిషాల సగటు 20 శాతమే వస్తుందన్న లెక్క అప్పుడు నాకు తట్టలేదు. వ్యవధిని ఒక నిమిషానికి తగ్గించిన మర్నాడే ఆ శిఖరం కనిపించింది. తీరా డిస్కు మాటేమిటని చూస్తే, ఆ రోజుల పాత సిస్‌స్టాట్ అడగనిదే డిస్కు కొలతలు రాసేది కాదు గనుక, అప్పటివరకు గడిచిన రోజులకు ఒక్క వరుసైనా లేదు. ఫిర్యాదు చేసిన పెద్దమనిషికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

రెండవ జాతి మోసం ఇంకా గడుసుది. ఒక ప్రోగ్రాము మెమరీని 40 సెకన్లలో మింగేసి, కెర్నెల్ దానిని చంపేసిందనుకో. పది నిమిషాల నమోదుల్లో ముందూ ప్రశాంతమే, వెనకా ప్రశాంతమే కనిపిస్తుంది. అలాగని వ్యవధిని అంతూపొంతూ లేకుండా తగ్గించుకుంటూ పోవడం మందు కాదు. చూసిన క్షణానికే తెలిసే ప్రతి కొలతకూ తోడుగా కూడుకుంటూ పోయే కొలత ఒకటి వెతికి నమోదు చేయించడమే నా పద్ధతి. మెమరీకి తోడుగా స్వాప్‌లోకి (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగంలోకి) వెళ్లిన, వచ్చిన పేజీల లెక్క ఉంది; వేచి ఉన్న పనుల వరుసకు తోడుగా, కెర్నెల్ 4.20 నుంచి, పనులు ఎంతసేపు ఆగిపోయాయో చెప్పే ప్రెషర్ లెక్క ఉంది. అందులో మైక్రోసెకన్లలో పెరుగుతూ పోయే మొత్తం ఉంటుంది కాబట్టి, ఎంత అరుదుగా చూసినా ఆగిన కాలం దొరికిపోతుంది. నెట్‌వర్కులో కూడా బైట్ల సగటు కన్నా జారవిడిచిన ప్యాకెట్ల లెక్కే నాకు ఎక్కువ సార్లు నిజం చెప్పింది.

లోడ్ యావరేజి గురించి రెండు మాటలు చాలు. లైనక్స్‌లో అది ప్రాసెసరు కోసం వేచి ఉన్న పనులనే కాక, డిస్కు దగ్గర ఇరుక్కుని నిద్ర లేవలేని పనులను కూడా కలిపి చెబుతుంది కాబట్టి, అది పెరిగిందని వెంటనే ప్రాసెసర్లు కొనడానికి పరుగెత్తవద్దు. మెమరీలో 'ఖాళీ' అన్న అంకెను చూసి కంగారు పడవద్దు. మిగిలిన మెమరీని లైనక్స్ ఫైళ్ల కాష్‌కు వాడుకుంటుంది గనుక, 'అందుబాటులో' అన్న అంకెనే చూడు.

ఇక నమోదు చేయవలసినవి. డిస్కు కొలతలు ఇప్పటి ఉబుంటులో శాడ్‌సీ ఐచ్ఛికాల (ఆప్షన్ల) వరుసలోనే ఉంటాయి. అవి ఉన్నాయో లేదో ఒకసారి కళ్లతో చూసి నిర్ధారించుకో. ఇంటరప్టుల (పరికరాలు ప్రాసెసరును పిలిచే సంకేతాల) కొలతలు మాత్రం అవసరం తోచేదాకా వద్దు, ఎందుకంటే ప్రాసెసర్లు ఎక్కువగా ఉన్న యంత్రంలో వాటి వల్ల ఫైలు అనవసరంగా బరువెక్కుతుంది. 'అన్నీ' అన్న ఐచ్ఛికం మొదట్లో అందరికీ ముద్దుగానే ఉంటుంది, నాకూ ఉండేది. ఏ ప్రోగ్రాము ఎంత వాడుకున్నదన్న వివరం ఈ రోజువారీ ఫైళ్లలో దొరకదని గుర్తుంచుకో. దానికి ఎటాప్ అనే సాధనాన్ని వేరుగా పెట్టుకోవాలి, దాని వ్యవధి కూడా మామూలుగా 600 సెకన్లే కాబట్టి అక్కడా మార్చాలి.

ఐచ్ఛికాలు మార్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆనాటి ఫైలులో ఏయే కొలతలు ఉండాలో ఫైలు పుట్టినప్పుడే నిర్ణయమైపోతుంది, మధ్యలో నీవు చేర్చిన కొత్త ఐచ్ఛికాన్ని శాడ్‌సీ నోరెత్తకుండా పక్కన పెట్టేస్తుంది. మార్పు పనిచేయలేదని నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నాను. అర్ధరాత్రి దాటి కొత్త ఫైలు పుట్టగానే అన్నీ వాటంతట అవే వచ్చాయి.

వ్యవధి విషయంలో నా మాట ఒక నిమిషం. రోజుకు 1440 నమోదులవుతాయి, ఇప్పటి డిస్కులకు అది లెక్కలోనిది కాదు. ఇప్పటి విడుదలల్లో ఈ పనిని నడిపేది సర్వీసులను నిర్వహించే సిస్టమ్‌డీలోని టైమరు కాబట్టి, పాత పుస్తకాలు చెప్పినట్టు క్రాన్ (వేళ ప్రకారం పనులు నడిపే పాత సాధనం) ఫైలు దిద్ది ఊరుకోవద్దు. టైమరును దాని ఎడిట్ ఆదేశంతోనే మార్చు. ఏయే వేళల్లో నడవాలో చెప్పే 'ఆన్‌క్యాలెండర్' వరుసను మొదట ఖాళీగా ఒకసారి రాసి, దాని కింద కొత్త విలువతో మళ్లీ రాయాలి. ఖాళీ వరుస లేకపోతే పాత సమయాలు పోకుండా కొత్తవి వాటికి చేరతాయి. 'అక్యురసీ సెక్' అన్న విలువ మామూలుగా ఒక నిమిషం ఉంటుంది, అంటే టైమరు నిమిషం వరకు ఆలస్యమైనా సిస్టమ్‌డీకి తప్పు కాదు. పది నిమిషాల వ్యవధిలో అది ఎవరికీ పట్టదు గానీ నిమిషానికి దిగినప్పుడు నమోదులు ఎగుడుదిగుడవుతాయి కాబట్టి, దానిని ఒక సెకనుకు తగ్గించు. ఏ సర్వరులోనైనా పది నిమిషాల వ్యవధినే ఉంచవలసి వస్తే, సరిగ్గా సున్నా, పది, ఇరవై నిమిషాల మీద కొలత పడకుండా చూడు. ప్రపంచంలోని క్రాన్ పనులన్నీ ఆ నిమిషాల మీదే లేస్తాయి, ఆ తొక్కిసలాటనే నీవు ప్రతిసారీ కొలుస్తుంటావు. డెబియన్ పాత క్రాన్ ఫైలు ఐదవ నిమిషంతో మొదలయ్యేది.

సెకనుకొకసారి కొలవవలసిన అవసరం కూడా వస్తుంది, కానీ దానిని నిత్యం పెట్టవద్దు. ఫిర్యాదు వచ్చే గంట తెలిసినప్పుడు సార్‌ను చేతితోనే నడిపి, ఒక సెకను వ్యవధికి 3600 సార్లు అని లెక్క ఇచ్చి, వేరే ఫైలులోకి రాయించు. లెక్క ఇవ్వడం మరచిపోతే అది ఆగదు. నీవు దాని మాట మరచిపోయి సెలవు మీద ఇంటికి వస్తావు, డిస్కు నిండుతుంది.

ఎన్నాళ్లు దాచాలన్నది వ్యవధి కన్నా ముఖ్యమని మీ విషయంలో నా అభిప్రాయం. ఎన్ని రోజుల ఫైళ్లు దాచాలో చెప్పే 'హిస్టరీ' విలువ ఉబుంటులో 7 ఉంటుంది, రెడ్‌హ్యాట్ (మరో రకం లైనక్స్) వైపు 28. మీ సర్వర్ల మీద ఒత్తిడి నెలనెలా 11వ తేదీ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు దగ్గర, 20వ తేదీ 3బి (పన్ను చెల్లింపు రిటర్ను) గడువు దగ్గర పెరుగుతుంది కదా. ఈ నెల 20ని పోయిన నెల 20తో పోల్చాలంటే ఏడు రోజులే కాదు, 28 రోజులు కూడా చాలవు. కనీసం 100 రోజులు పెట్టు, అప్పుడు మూడు గడువులు పక్కపక్కన కనిపిస్తాయి. విలువ 28 దాటితే ఫైలు పేరులో తేదీతో పాటు నెల, సంవత్సరం కూడా చేరతాయి గనుక, పాత పేర్లను నమ్ముకుని రాసిన స్క్రిప్టులేవైనా ఉంటే దిద్దుకో. సర్వరు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉందో మన కాలమానంలో ఉందో కూడా చూసుకో, పగలు 11.20కి అని వ్యాపారి చెప్పిన ఇబ్బంది యూటీసీ నమోదుల్లో 05.50 దగ్గర ఉంటుంది.

ఇదంతా ముందు ఒక్క సర్వరు మీద చేసి, మార్చిన తేదీ, వేళ నోటుపుస్తకంలో రాసి పెట్టు. నిమిషం వ్యవధికి మారిన మొదటి రోజు గ్రాఫు నిండా పళ్లు మొలిచినట్టు కనిపిస్తే, సర్వరు పాడైందని మీ మేనేజరు నిన్ను పిలుస్తాడు. అంతకు ముందు రోజు కూడా ఆ పళ్లు ఉన్నాయనీ, సగటు కింద కనబడలేదనీ ఆ తేదీ చూపించి చెప్పవచ్చు. వచ్చే 20వ తేదీ గడిచాక ఆ రోజు ఫైలును నాకు పంపు, ఇద్దరం ఫోనులో కూర్చుని చదువుదాం.

ఇట్లు,
మీ బాబాయి