మూడేళ్లయినా మా బ్రహ్మకమలం పూయడం లేదు, ఎందుకు?

"రోజూ నీళ్లు పోస్తున్నాను, నెలనెలా ఎరువు వేస్తున్నాను, ఆకులు తప్ప మొగ్గ లేదు" అని రాశారు. జబ్బు అక్కడే ఉంది. నేనూ నాలుగేళ్లు అదే సేవ చేశాను. మొక్క బాల్కనీ గ్రిల్ దాటి పక్కింటివైపు పాకింది గానీ ఒక్క మొగ్గ తొడగలేదు.

పేరుకే కమలం, నిజానికిది కాక్టస్ కుటుంబంలోది. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లకొమ్మలను పట్టుకుని బతుకుతుంది. (హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరే మొక్క.) మనం ఆకు అనుకునేది దాని కాండమే, మొగ్గలు ఆ అంచు నొక్కుల్లోంచే వస్తాయి. కొమ్మ సందులో పిడికెడు ఆకుచెత్తతో సరిపెట్టుకునే దానికి పెద్ద కుండీ, బలమైన ఎరువు ఇస్తే ఒళ్లు చేస్తుంది తప్ప పూయదు.

ఐదో ఏడు ఎరువు మానేశాను. ఎనిమిది అంగుళాల కుండీలోనే వేళ్లు ఇరుక్కోనిచ్చాను. పైమట్టి పొడిబారాకే నీళ్లు. చీకటి మూల నుంచి తూర్పువైపు, పొద్దున తొమ్మిది దాకా ఎండ తగిలే చోటికి మార్చాను. ఆ జూలైలో మూడు మొగ్గలు!

మొదటిది నాకు దక్కలేదు. రాత్రికి రాత్రే పూసి, తెల్లవారి చూస్తే తడిగుడ్డలా వేలాడుతోంది. రెండోదానికి కాపలా కాశాను. కిందికి వేలాడే మొగ్గ మెడ గొడుగు పిడిలా పైకి తిరిగి, సాయంత్రానికి కొన ఉబ్బి వదులైతే ఆ రాత్రే పూస్తుంది. మాకు ఎనిమిదింటికి విచ్చుకోవడం మొదలై పదకొండుకు అరచెయ్యంత అయింది. లోపల టార్చి వేస్తే కేసరాల మధ్య తెల్లటి చిన్న నక్షత్రం ఒకటి కనిపిస్తుంది, తప్పక చూడండి. పై అంతస్తు పెద్దావిడ హారతి పళ్లెం తెచ్చారు. హారతి ఇవ్వండి గానీ అగరొత్తి మాత్రం వద్దండీ అని బతిమాలాను. ఆ పరిమళం కోసమే కదా ఐదేళ్లు ఆగింది!

మూడో మొగ్గను నేనే పోగొట్టుకున్నాను. ఫోటో బాగా వస్తుందని కుండీ చోటు మార్చాను, రెండు రోజుల్లో రాలిపోయింది. మొగ్గ కనిపించాక కుండీ కదపకండి, మట్టి పూర్తిగా ఎండనివ్వకండి.

ఈలోగా ఒక ముదురు ఆకు కోసి, కోసిన చోటు మానేలా రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి పెట్టుకోండి. దానికైనా కాస్త తక్కువ సేవ చేయండి.