చాంపియన్ స్టేషన్‌లో దిగండి

ప్రశ్న: మా తాతగారు కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో పనిచేశారు. నేను పుట్టేనాటికే ఆయన లేరు. వచ్చే నెల బెంగళూరులో పెళ్లి ఉంది, మర్నాడు సగం రోజు ఖాళీ. కేజీఎఫ్ చూసి రావాలని నాకు ఆశ. మా బావమరిది మాత్రం ‘మూతపడ్డ ఊళ్లో ఏముంది, కోటిలింగేశ్వర గుడికి పోదాం పద’ అంటున్నాడు. గనిలోకి దిగనిస్తారా? ఆ కాస్త టైములో ఏం చూడొచ్చు?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: గనిలోకి దిగడం కుదరదండీ. 2001 ఫిబ్రవరి 28న పని ఆగిపోయింది. పంపులు ఆపేశాక లోపలి సొరంగాల్లో నీళ్లు నిండిపోయాయి. షాఫ్టుల చుట్టూ, అంటే గనిలోకి దిగే నిలువు బావుల చుట్టూ, కంచె, కాపలా ఉంటాయి. వాచ్‌మన్‌ని బతిమాలకండి, అతని ఉద్యోగానికి ఎసరు. రోడ్డు మీంచి చూసినా షాఫ్టు మీది ఇనుప చట్రం, దాని నెత్తిన చక్రాలు కనిపిస్తాయి. మీ తాతగారిని కిందికి దించి పైకి తెచ్చినవి అలాంటి చక్రాలే.

మా చిన్నాయన కాపురం ఊరుగాంలో ఉండేది కాబట్టి ఈ ఊరు నాకు కొంత తెలుసు. కారు వద్దు. బెంగళూరు నుంచి మారికుప్పం పోయే రైలెక్కండి. బంగారుపేటలో శాఖ లైనుకు మళ్లాక కోరమాండల్, ఊరుగాం, చాంపియన్, మారికుప్పం స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. మొదటి మూడూ ఒకప్పటి గని కంపెనీలకు కూడా ఉన్న పేర్లే. మీరు చాంపియన్‌లో దిగండి.

బావమరిదికి ఈ సంగతి చెప్పండి: గని పోయిన పదేళ్లకు, 2011లో లెక్కపెడితే ఆ ఊళ్లో లక్షా అరవై వేలకు పైగా జనం ఉన్నారు. చాలామంది తెల్లారకముందే రైలెక్కి, వంద కిలోమీటర్ల అవతల బెంగళూరులో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరతారు. మీరు పొద్దున వెళ్లేటప్పుడు ఎదురు రైళ్లు చూడండి. తాతలు కిందికి దిగితే మనవళ్లు బయటికి పోతున్నారు.

చాంపియన్‌లో దిగాక కూలీ లైన్లవైపు నడవండి. వరసగా చిన్న చిన్న ఇళ్లు. పాత కార్మికుల కుటుంబాలు కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి, కాబట్టి గుమ్మంలోంచి ఫోటోలు తీయకండి, ముందు పలకరించండి. తమిళం రెండు ముక్కలొస్తే మేలు. రాకపోయినా తెలుగుతో పని నడుస్తుంది. బయల్దేరే ముందే ఇంట్లో పెద్దవాళ్లనడిగి తాతగారి పేరు, ఏ లైన్లో ఉండేవారు, ఎవరితో కలిసి పనికెళ్లేవారు అన్నవి కాగితం మీద రాసుకోండి. అలా పేరు పట్టుకుని వెళ్లినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతారు.

పాతవాళ్లు మాట్లాడితే రెండు విషయాలు తప్పకుండా వస్తాయి. ఒకటి దగ్గు. అక్కడ బంగారం ఉన్నది క్వార్ట్జ్ రాయిలో. దాన్ని డ్రిల్ చేస్తే లేచే సన్నపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వస్తుంది. రెండోది బరస్టు. గని దాదాపు 3,200 మీటర్ల లోతు దాకా పోయింది. అంత కింద రాయి 60 డిగ్రీలు దాటి కాలుతుంది, పైనున్న బరువుకు ఉన్నట్టుండి పగులుతుంది కూడా. ఆ అదురు పైనున్న ఇళ్లకు తెలిసేది. మా పిన్నమ్మ రాత్రిపూట మంచం ఊగితే ‘బరస్టు’ అని గొణిగి అటు తిరిగి పడుకునేది. చిన్నాయనకు నైట్ షిఫ్టయితే మాత్రం వీధి తలుపు తీసుకుని కూర్చునేది.

అదే పిన్నమ్మకు బెంగళూరు చుట్టాలంటే కాస్త లోకువ. కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి గనులకు కరెంటు 1902లోనే వచ్చింది, బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో. ఆ కరెంటు గని యంత్రాల కోసం తెచ్చారని ఎవరైనా అంటే వినేది కాదు. మీకూ గొప్ప చెప్పుకోవడానికి ఒకటుంది. 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను, అంటే ఎంత రాయినైనా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలను, మొదట పట్టుకున్న చోట్లలో ఒకటి మీ తాతగారి చాంపియన్ రీఫ్ గనే. పైన అంత మందం రాయి ఉంటే అంతరిక్షం నుంచి వచ్చే మిగతా కాస్మిక్ కిరణాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అందుకే అంత కిందికి వెళ్లారు.

టైముంటే ఆటోలో రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయి భోంచేయండి. కోటిలింగేశ్వర ఉన్న కమ్మసంద్ర దగ్గరే, 108 అడుగుల లింగం బాగానే ఉంటుంది. కానీ సగం రోజులో రెండూ పెట్టుకుంటే ఏది తెగిపోతుందో మీకే తెలుసు. బావమరిదిని గుడికి పంపించి మీరు లైన్లలోనే ఉండండి.

ప్రశ్న: కేజీఎఫ్ మట్టిగుట్టల్లో ఇంకా బంగారం ఉందంటారు. నిజమైతే గని ఎందుకు మూశారు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఉంది, కానీ చాలా పలచగా. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన కొత్తలో టన్ను రాయికి 45 గ్రాముల దాకా బంగారం పడేది. చివరికొచ్చేసరికి అది 3 గ్రాముల దగ్గరికి పడిపోయింది. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగి, తీసిన బంగారం దాన్ని తీసిన ఖర్చుకు చాలలేదు. అప్పటికి 800 టన్నులకు పైగా తీసేశారు.

ఆ గుట్టలు, రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం కరిగించి లాగాక పారబోసిన ఇసుక. మొత్తం 3 కోట్ల టన్నులకు పైమాటే. 13 గుట్టల్ని మళ్లీ తవ్వే కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక క్యాబినెట్ సరేనంది. ఈ మాట ఎత్తితే ఊళ్లోవాళ్లు అడిగేది బంగారం ఎంతని కాదు, పనులు ఎవరికిస్తారని. మీరు చూడ్డానికి వెళితే మాత్రం గుట్టలెక్కకండి. గాలి రోజుల్లో ఆ పొడి కళ్లల్లో, ముక్కుల్లో పడుతుంది. పిల్లలుంటే దూరంనుంచి చూపించి తీసుకొచ్చేయండి.