చుక్క ఆరే తీరులోనే ఉంది

అమ్మా, ఆశీస్సులు.

మిథనాల్ ఆక్సిడేషన్‌కి అదే ఇంకు (ఉత్ప్రేరకం పొడి కలిపిన ద్రవం), అదే ఎలక్ట్రోడు వాడినా పొద్దున ఒక కరెంటు, సాయంత్రం ఇంకో కరెంటు వస్తోందని రాశావు. కరెంటు కొలిచే పొటెన్షియోస్టాట్‌ని అనుమానించకు. నువ్వు వేసిన పూతని చూడు.

ముందు పాలిష్. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్‌ని 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినాతో వరసగా, ఒక్కోదానికి వేరే గుడ్డ మీద, ఎనిమిది అంకె దిద్దినట్టు రెండేసి నిమిషాలు రుద్దు. ఎలక్ట్రోడు నిలువుగా ఉండాలి, ఒరిగితే అంచు అరిగిపోతుంది. తర్వాత నీళ్లలో, ఇథనాల్‌లో ఒక్కో నిమిషం సోనికేట్ చేస్తే (అతిధ్వని తరంగాలతో కదిలిస్తే) చాలు. ఎక్కువసేపు ఉంచితే చుట్టూ ఉన్న టెఫ్లాన్‌కీ కార్బన్‌కీ మధ్య సందు పడి ద్రావణం లోపలికి దిగుతుంది. 1 మిల్లీమోలార్ ఫెర్రిసయనైడ్, 1 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో వోల్టేజిని ముందుకీ వెనక్కీ తిప్పినప్పుడు వచ్చే రెండు పీకుల (కరెంటు శిఖరాల) మధ్య దూరం 60–70 మిల్లీవోల్టులుంటే సరే. 100 దాటితే మళ్లీ రుద్దాల్సిందే. ఆ ద్రావణాన్ని మాత్రం యాసిడ్ వ్యర్థాల డబ్బాలో పొయ్యకు, విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

ఇంకుకి 20 శాతం ప్లాటినం–కార్బన్ పొడి 2 మిల్లీగ్రాములు తూచి, ముందు 750 మైక్రోలీటర్ల నీళ్లు పొయ్యి. పొడి పూర్తిగా తడిశాకే 240 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్, 10 మైక్రోలీటర్ల నాఫియాన్ (పొడిని పట్టి ఉంచే పాలిమర్, 5 శాతం ద్రావణం). ఈ వరస తప్పకూడదు. పొడిగా ఉన్న ప్లాటినానికి ఆల్కహాల్ తగిలితే అంటుకోవచ్చు. తర్వాత అరగంట సోనికేషన్, బాత్‌లో ఐసు ముక్కలు వేసి. నీళ్లు వేడెక్కితే రేణువులు ముద్ద కడతాయి.

నీ సమస్య ఇక్కడే ఉందని నా అనుమానం. మే నెలలో ఏసీ లేని గదిలో వయల్ మూత తీసి పెడితే ఐసోప్రొపనాల్ ఎగిరిపోయి ఇంకు చిక్కబడుతుంది, పొడి అడుక్కి దిగుతుంది. సాయంత్రం నువ్వు పీల్చే 5 మైక్రోలీటర్లు పొద్దుటివి కావు. ప్రతి చుక్కకీ ముందు ఐదు నిమిషాలు సోనికేట్ చెయ్యి, ఇంకు ఏ రోజుకారోజు కలుపుకో.

5 మైక్రోలీటర్లంటే 10 మైక్రోగ్రాముల పొడి, అందులో ప్లాటినం 2. వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు కాబట్టి చదరపు సెంటీమీటరుకి 28 మైక్రోగ్రాములు. చుక్క టెఫ్లాన్ మీదికి జారితే ఈ లెక్క చెల్లదు, తుడిచేసి మొదలుపెట్టు. ఎలక్ట్రోడు మొహం పైకి పెట్టి, మీద బీకరు బోర్లించి, నిదానంగా ఆరనివ్వు. హెయిర్ డ్రైయర్ వాడకు, పూత పగులుతుంది. ఆరాక భూతద్దంతో చూడు. పూతంతా ఒకే నలుపు ఉండాలి. కాఫీ గ్లాసు మరకలా అంచున నల్లటి వలయం, మధ్యలో కార్బన్ మెరుపు కనిపిస్తే ఆ ఎలక్ట్రోడుతో కొలవకు. అంచున మందంగా పేరుకున్న చోట అడుగు పొరలకి మిథనాల్ సరిగా అందదు.

సెల్‌లో 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్ తీసుకుని 20 నిమిషాలు నైట్రోజన్ పంపు. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సు ఎలక్ట్రోడుని (వోల్టేజిని దీనితో పోల్చే కొలుస్తాం) నేరుగా ముంచితే క్లోరైడ్ కారి ప్లాటినానికి అతుక్కుంటుంది, మెర్క్యురస్ సల్ఫేట్ రిఫరెన్సు మేలు. మిథనాల్ కలపకముందే ఆర్‌హెచ్‌ఈ (రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడు) స్కేలు మీద 0.05–1.2 వోల్టుల మధ్య, సెకనుకి 50 మిల్లీవోల్టులతో, గీతలు ఒకదాని మీద ఒకటి పడేదాకా తిప్పు. హైడ్రోజన్ భాగం (ప్లాటినానికి అతుక్కున్న హైడ్రోజన్ విడిపోయే చోటు) చార్జి నుంచి డబుల్ లేయర్ (ఉపరితలం దగ్గర ఊరికే పోగయ్యే చార్జి) వాటా తీసేసి, చదరపు సెంటీమీటరుకి 210 మైక్రోకూలంబుల చొప్పున భాగించు, ప్లాటినం అసలు ఉపరితల వైశాల్యం వస్తుంది. 252 మైక్రోకూలంబులొస్తే 1.2 చదరపు సెంటీమీటర్లు, అంటే గ్రాముకి 60 చదరపు మీటర్లు. ఇందులో సగం కూడా రాకపోతే మిథనాల్ జోలికి పోకు, పూత మళ్లీ వెయ్యి.

ఆ తర్వాత 100 మిల్లీలీటర్లకి 2 మిల్లీలీటర్ల మిథనాల్ కలిపితే దాదాపు 0.5 మోలార్. ముందుకెళ్లే పీకు 0.85–0.9 వోల్టుల దగ్గర వస్తుంది. తిరుగు పీకు కార్బన్ మోనాక్సైడ్ కాలడం వల్ల వస్తుందని ఇప్పటికీ రాస్తుంటారు. నువ్వు రాయకు. ఆక్సైడ్ పోయి శుభ్రపడిన ప్లాటినం మీద మళ్లీ మిథనాలే ఆక్సిడైజ్ అవుతుంది. రెండు పీకుల నిష్పత్తిని విషనిరోధకతకి (కార్బన్ మోనాక్సైడ్ లాంటివి అతుక్కుని ప్లాటినం మొద్దుబారకుండా ఉండటానికి) కొలతగా చూపించడం సరికాదు. దానికి 0.6 వోల్టుల దగ్గర గంటసేపు కరెంటు పడిపోయే తీరు చూడు.

కనీసం మూడు ఎలక్ట్రోడులు విడివిడిగా పూసి కొలువు. ఈసారి గ్రాఫుతో పాటు ఆరిన పూత ఫొటో కూడా పంపు, ముందు అదే చూస్తాను.