అమ్మ మాట ఆవిడకీ, ఆవిడ మాట అమ్మకీ మోయొద్దు

ప్రశ్న: నా వయసు 36. నాన్నగారు పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. నా భార్య బ్యాంకులో పనిచేస్తుంది, మాకు ఆరేళ్ల బాబు. సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ ఒకటి చెబుతుంది, రాత్రి గదిలో నా భార్య ఇంకొకటి చెబుతుంది. ఇద్దరికీ ‘సర్దుకుపోండి’ అనే చెబుతున్నాను. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాం. అప్పటికి సరేనంటారు, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. కౌన్సెలింగ్‌తో ఇది తీరుతుందా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తీరుతుంది. కానీ మొదట మారాల్సింది మీరు. పెద్దమనుషులు కూర్చుంటే తేల్చేది తప్పెవరిదని. ఒప్పుకున్నవాళ్లు ఆ పూటకి తల వంచుతారు, గొడవ రోజూ పుట్టే తీరు మాత్రం అలాగే ఉండిపోతుంది. మీ ఇంట్లో అత్తకు కోడలితో వచ్చిన పేచీ కోడలి దగ్గరికి వెళ్లడం లేదు, మీ దగ్గరికి వస్తోంది. కోడలిదీ అంతే. ఇద్దరి మధ్య ఇబ్బంది పెరిగితే మూడో మనిషిని లోపలికి లాగడం కుటుంబాల్లో సహజంగా జరుగుతుందని అమెరికన్ సైకియాట్రిస్టు మరే బోవెన్ వివరించారు. దీన్ని త్రికోణం అంటారు. మూడో మనిషి వల్ల ఆ పూటకి వేడి తగ్గుతుంది, అసలు ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకోవడం మాత్రం వాయిదా పడుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు మాటలు మోయడం ఆపండి. “చూడు, పిల్లాడికి రాత్రి మళ్లీ నూడుల్సే పెట్టింది” అని అమ్మ అన్నారనుకోండి. “ఆ మాట తననే అడగమ్మా, కావాలంటే నేనూ పక్కన కూర్చుంటా” అని అక్కడితో ఆపేయండి. తీర్పు చెప్పొద్దు, ఎవరినీ వెనకేసుకు రావద్దు. భార్య దగ్గరా ఇదే పద్ధతి. అలాగని ఆవిడ మాటను మధ్యలో తుంచేయమని కాదు. పది నిమిషాలు అడ్డు తగలకుండా వినండి, ఆ తర్వాత “నేనేమైనా చెయ్యాలా, వింటే చాలా?” అని అడగండి. చాలాసార్లు వింటే చాలంటారు. “సర్దుకుపో” అన్నది మాత్రం ఇద్దరి దగ్గరా మానేయండి. ఆ మాట వింటే నీ బాధకు విలువ లేదన్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత ఏ విషయంలో ఎవరి మాట చెల్లాలో ముందే అనుకోండి. బాబు తిండి, చదువు, మీ జీతాలు, మీ భార్య పుట్టింటి రాకపోకలు మీ దంపతులు తేల్చుకోవాల్సినవి. పూజలు, పండగలు, మీ వైపు బంధువుల పెట్టుపోతలు అమ్మకు వదలొచ్చు. చిక్కంతా వంటగదిలోనే. భర్త పోయిన ఆడమనిషికి ఇంటి పెత్తనం, బీరువా తాళాలు, వచ్చేపోయే చుట్టాలు ఒక్కసారిగా దూరమవుతాయి. ఆవిడ మాట ఇంకా చెల్లే చోటు వంటగది ఒక్కటే. అందుకే కోడలు పోపుల పెట్టె ఒక అర నుంచి ఇంకో అరకు మార్చినా, తననే పక్కకు జరిపినట్టు ఆవిడకు అనిపిస్తుంది. అటు చూస్తే, ఉద్యోగం చేసి వచ్చిన కోడలికి తన ఇంట్లో చెంచా ఎక్కడ పెట్టాలో కూడా అడిగి చేయాల్సి రావడం కష్టంగా ఉంటుంది. పూటల వారీగా పంచుకోవడమే దీనికి మేలైన దారి. పొద్దున టిఫిను, మధ్యాహ్నం వంట అమ్మవి. రాత్రి, ఆదివారం కోడలివి. ఒకరి పూట వండుతుంటే రెండోవాళ్లు ఉప్పు గురించీ నూనె గురించీ మాట్లాడకూడదు. డబ్బు కూడా నెలకింత అని అమ్మ చేతిలో పెట్టండి, లెక్క అడగొద్దు. రోజూ ఒక పావుగంట ఫోను పక్కన పెట్టి ఆవిడ దగ్గర కూర్చోండి. ఆ పావుగంట దొరికే ఇంట్లో సాయంత్రం గుమ్మంలోనే ఫిర్యాదు ఎదురు రావడం తగ్గుతుంది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. అమ్మకు ఇష్టం లేనిది చెప్పాల్సి వస్తే మగవాళ్లు “తను వద్దంటోందమ్మా” అనేస్తారు. పెట్టుకున్న హద్దు ఆ ఒక్క మాటతో చెరిగిపోతుంది. “మేమిద్దరం ఇలా అనుకున్నాం” అని మీ నోటితో మీరే చెప్పండి. ఇంకోటి, మాటలు మోయడం మానేసిన మొదటి రెండు మూడు వారాలు ఫిర్యాదులు పెరుగుతాయి. “కొడుకు మారిపోయాడు” అన్న మాటా వస్తుంది. పాత దారి మూసుకుపోయిందని వాళ్లకింకా నమ్మకం కుదరక అలా అంటారు. చాలామంది సరిగ్గా అక్కడే వెనక్కి తగ్గుతారు. నెలన్నర గడిచినా మార్పు లేకపోతే కుటుంబ కౌన్సెలర్ దగ్గరికి ముందు మీరిద్దరూ వెళ్లండి. అమ్మను రెండోసారో మూడోసారో తీసుకెళ్లండి. మొదటి రోజే ముగ్గురూ వెళ్తే అక్కడా పంచాయతీయే నడుస్తుంది.

ప్రశ్న: గొడవైతే మావారు మూడు నాలుగు రోజులు మాట్లాడరు. నేను వెంటపడి అడిగేకొద్దీ ఇంకా బిగుసుకుపోతారు. నేనేం చెయ్యాలి? - ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు వెంటపడతారు, ఆయన తప్పుకుంటారు. ఆయన తప్పుకునేకొద్దీ మీకు భయమెక్కువై ఇంకా గట్టిగా అడుగుతారు. తప్పు ఒక్కరిదే అనుకుంటే ఈ చక్రం ఆగదు. దంపతుల వాదనలను రికార్డు చేస్తూ వాళ్ల గుండె వేగాన్ని కూడా కొలిచిన జాన్ గాట్‌మన్ అనే పరిశోధకుడు, మౌనంగా కూర్చున్న మనిషి లోపల ప్రశాంతంగా ఉండటం లేదని చూపించారు. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటి మనిషి మాట బుర్రకెక్కదు. శరీరం కుదుటపడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది.

అందుకే విరామం తీసుకోవచ్చు, కానీ మళ్లీ ఎప్పుడు మాట్లాడేదీ విరామం అడిగినవాళ్లే చెప్పాలి. “ఇప్పుడు నావల్ల కాదు, తొమ్మిదింటికి మాట్లాడదాం” అనాలి, తొమ్మిదింటికి తనే రావాలి. మర్నాటిని మించి వాయిదా వద్దు. ఈలోగా వాట్సాప్‌లో వాదన పెట్టుకోవద్దు, జవాబులు మనసులో నూరుకోవద్దు. బట్టలు మడత పెట్టండి, నాలుగడుగులు నడవండి. ఈ ఒప్పందం గొడవ లేని రోజున చేసుకోవాలి. గొడవ మధ్యలో ప్రతిపాదిస్తే అదీ ఒక గొడవే అవుతుంది.

మీ వైపు నుంచి మార్చాల్సింది మొదటి వాక్యం. “మీకెప్పుడూ మీ అన్నయ్యవాళ్లే ముఖ్యం” అంటే ఆయన తన స్వభావాన్ని సమర్థించుకోవాల్సి వస్తుంది. “నిన్న నాతో అనకుండా మీ అన్నయ్యకు యాభై వేలు పంపారు. స్కూలు ఫీజు ఎలా కడతామోనని భయమేసింది. ఇకనుంచి పదివేలు దాటితే ముందు నాతో చెప్పండి” అంటే ఆయన జవాబివ్వగలరు. జరిగింది ఒకటి, మీకు కలిగింది ఒకటి, కావాల్సింది ఒకటి, అంతే. పెళ్లినాటి విషయాలు ఇందులోకి తేవద్దు.

అయితే ఆయన మౌనం మీరు కాళ్లావేళ్లా పడేదాకా, అడిగినదానికి ఒప్పుకునేదాకా సాగితే అది అలజడి వల్ల వచ్చింది కాదు, శిక్ష. అప్పుడు ఆయన కోసం ఆగకుండా మీరొక్కరే కౌన్సెలర్‌ను కలవండి.

ప్రశ్న: మా చెల్లెల్ని ఆమె భర్త కొడతాడు. ఒకసారి గొంతు నులిమాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇప్పిస్తే చాలని మావాళ్లంటున్నారు. - ఒక అక్క, విజయనగరం

జవాబు: వద్దమ్మా. కొట్టే మనిషి పక్కన కూర్చుని ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు తినాలి. గొంతు నులమడం ప్రాణం మీదికి వచ్చే హెచ్చరిక. పైకి గుర్తులు లేకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు, డాక్టరుకు చూపించి ఆ చీటీలు దాచండి. 181 మహిళా హెల్ప్‌లైన్. ప్రమాదం ఎదురుగా ఉంటే 112. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరుకుతాయి.

గృహహింస చట్టం, 2005 కింద రక్షణ అధికారి ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అత్తింట్లో ఉండే హక్కు ఆమెకుంది, ఇల్లు తన పేరున లేకపోయినా సరే. రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు, ఆ నంబరు 15100. ఆధార్, పెళ్లి ఫోటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పాసుబుక్కు నకళ్లు మీ దగ్గర ఉంచండి. ఇల్లు వదిలే ఆలోచన అతనికి తెలిసే సమయమే ఎక్కువ ప్రమాదం, ఎవరి ముందూ నోరు జారవద్దు.

ప్రశ్న: కౌన్సెలర్‌ను ఎలా ఎంచుకోవాలి? ఎన్నిసార్లు వెళ్లాలి? - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఏం చదివారో, దంపతులతో పనిచేయడంలో శిక్షణ ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. “నేను విడిగా చెప్పింది మావారికి చెబుతారా?” అన్నది మొదటి రోజే తేల్చుకోండి, ఇది తేలక మధ్యలో మానేసేవాళ్లున్నారు. ఒక్కో సిట్టింగు ముప్పావు గంట నుంచి గంట ఉంటుంది. నాలుగైదుసార్లయినా వెళ్లాకే పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఎవరిది తప్పో తేల్చేవారు, జాతకం అడిగేవారు, మీ సంగతి మీ అత్తగారికి ఫోను చేసి చెప్పేవారు మీకు అక్కర్లేదు. బయటికెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.