పులి రాని పదకొండు నెలలు

ప్రశ్న: రష్యా అడవిలో ఆడపులి చెట్టును కౌగిలించుకున్న ఫొటో చూశాను. అంత చలిలో ఎదురుగా నిలబడి తీశారా? మంచులో కెమెరాలు పనిచేస్తాయా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేదమ్మా, ఆ క్షణాన అక్కడ మనిషే లేడు. ఫొటోగ్రాఫర్ సెర్గీ గోర్ష్‌కోవ్ రష్యా తూర్పు కొసన, ల్యాండ్ ఆఫ్ ది లెపర్డ్ నేషనల్ పార్కులో ఒక చెట్టుకు ఎదురుగా కెమెరా బిగించి వెళ్లిపోయారు. కదలికను పసిగట్టే సెన్సరే క్లిక్‌మనిపించింది. ఆ ఒక్క ఫొటోకి 11 నెలలకు పైగా పట్టింది. 2020లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం దానికే వచ్చింది.

నాకు అందులో పులికంటే ముందు చెట్టే కనబడుతుంది. నల్లమలలో కెమెరాలు బిగించడం నేర్చుకున్నవాణ్ణి కదా, సరైన చెట్టు దొరికితే సగం పని అయిపోయినట్టే. చెంప రుద్దిన చోట బెరడుకు అంటుకున్న వెంట్రుకలు, గోళ్ల గీతలు, మూత్రపు ఘాటు వాసన... అక్కడికి పులి మళ్లీ వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ రష్యా అడవుల్లో పులి వేటాడే జంతువులు పలచన, ఒక్కో ఆడపులి వందల చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. అయినా ఆగాలి. ఎర వేసి రప్పించిన పులి ఫొటోను నేను ఫొటోగా ఒప్పుకోను.

ఇక చలి. సున్నాకు 20 డిగ్రీల దిగువన మామూలు ఆల్కలైన్ సెల్స్ త్వరగా చేతులెత్తేస్తాయి, లిథియం సెల్స్ వేయండి. చేతిలోని కెమెరాను వెచ్చటి గదిలోకి తెచ్చేముందు, బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. లేకపోతే లెన్స్ నిండా చెమ్మే.