జీన్స్ మొదట్నుంచీ ఫ్యాషన్ బట్టలేనా?

కాదు, జీన్స్ పుట్టింది గనుల్లో, పొలాల్లో ఒళ్లు వంచి పనిచేసే కూలీల కోసం. మామూలు ప్యాంట్లు జేబుల దగ్గర ఊరికే చిరిగిపోతుండేవి, అందుకే అమెరికాలోని రీనోలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఆ చోట్ల రివెట్లు అనే రాగి బొడిపెలు బిగించాడు, తనకు గుడ్డ అమ్మే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. మన అనంతపురం జిల్లా రాయదుర్గంలో కుట్టే జీన్స్ తీసి చూడండి, చాలావాటికి జేబు మూలల్లో ఆ బొడిపెలు ఇప్పటికీ ఉంటాయి.

1950ల్లో హాలీవుడ్ హీరోలు వేసుకున్నాక కుర్రకారుకు మోజు పట్టింది. అమెరికాలో కొన్ని స్కూళ్లు వద్దన్నాయి కూడా.

జీన్స్ కుట్టే డెనిమ్ గుడ్డను లీవై స్ట్రాసే కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు, కానీ అది అంతకుముందే ఉంది. ఇక జీన్స్‌కు, మనకు ఏ సంబంధమూ లేదనడం అసలు ఒప్పుకోలేను: డెనిమ్‌కు నీలం రంగునిచ్చేది నీలిమందు, 19వ శతాబ్దంలో దాన్ని కడప, కర్నూలు రైతులు బాగా పండించేవాళ్లు, 1897లో జర్మనీ నుంచి రసాయన నీలిమందు మార్కెట్లోకి వచ్చాకే మన దేశంలో ఆ సాగు దెబ్బతింది. ముతక నీలిగుడ్డకు ఇంగ్లీషువాళ్లు వాడే డంగరీ అనే మాట కూడా ముంబైలోని డోంగ్రీ పేరు నుంచి వచ్చిందే.