ఎల్‌ఈడీ బల్బు వేశాక ‘బల్బు పోయింది’ అనే హెచ్చరిక ఎందుకు వస్తుంది?

వెనుక పార్కింగ్ లైట్లు, ఇండికేటర్లు ఎల్‌ఈడీకి మార్చగానే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తోందని, ఇండికేటర్ మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటోందని అడిగారు. నా కారులోనూ అచ్చం ఇదే జరిగింది. కొత్త బల్బు చెడిపోయిందని అనుకోకండి. కారు వెలుగును చూడదు, కరెంటును కొలుస్తుంది. 21 వాట్ల మామూలు ఇండికేటర్ బల్బు 12 వోల్టుల దగ్గర దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అదే చోట 3 వాట్ల ఎల్‌ఈడీకి పావు ఆంపియర్ చాలు. అంత తక్కువ కరెంటు కనిపిస్తే కారు లెక్కలో ఫిలమెంటు తెగినట్టే.

పార్కింగ్ లైట్లు, నంబర్ ప్లేటు లైటు సులువు. లోపలే రెసిస్టర్ (మామూలు బల్బులా కనిపించేలా అదనంగా కరెంటు లాగే భాగం) ఉన్న ‘క్యాన్‌బస్’ రకం ఎల్‌ఈడీలు దొరుకుతాయి, చాలా కార్లలో అవి సరిపోతాయి. అయితే ఆ పేరు పెట్టి అమ్మేవన్నీ పనిచేయవు. అందుకే ముందు ఒక్కటే కొని, తొడిగి చూడండి. వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది.

అసలు చిక్కు ఇండికేటర్లతోనే. విడిగా ఫ్లాషర్ రిలే (ఇండికేటర్‌ను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే స్విచ్చు) ఉన్న పాత కార్లలో ఎల్‌ఈడీకి సరిపడే రిలే వేస్తే కొట్టుకునే వేగం సరిపోతుంది. కంప్యూటరే లైట్లను నడిపే కార్లలో బల్బుకు సమాంతరంగా, అంటే బల్బుకు వచ్చే రెండు వైర్ల మధ్య, 6 ఓంల, 50 వాట్ల రెసిస్టర్ కలుపుతారు. అల్యూమినియం తొడుగుతో, రెండు వైపులా స్క్రూ రంధ్రాలతో ఉంటుందది. ఇంజిన్ నడిచేటప్పుడు వోల్టేజి 14 దాకా వెళ్తుంది కాబట్టి, వెలిగినంతసేపూ అందులో 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దాన్ని ప్లాస్టిక్ మీద గానీ వైర్ల గుత్తి మీద గానీ టేపుతో అంటించవద్దు. బాడీ రేకుకు స్క్రూలతో బిగించాలి.

బ్రేక్ లైట్ల విషయంలో మాత్రం నా మాట వినండి, కంపెనీ ఇచ్చిన బల్బులనే ఉంచండి. ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు చాలాసేపు ఉంటుంది, రెసిస్టర్ అంతసేపూ కాగుతూనే ఉంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. రెసిస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది కనుక, రేపు ఆ ఎల్‌ఈడీ నిజంగా పోయినా కారుకు తెలియకపోవచ్చు. వెనుక వచ్చేవాడికి మన బ్రేక్ లైటు కనపడటం కన్నా అందమైన వెలుగు ముఖ్యం కాదు. కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో, బల్బు పోయిందా అని కారు చేసే తనిఖీని ఆపేయడం కొన్ని కార్లలో కుదురుతుంది. పార్కింగ్ లైట్లకైతే సరే, బ్రేక్ లైట్లకు దయచేసి చేయించకండి.

బిగించాక లైట్లన్నీ ఆపి, చీకట్లో కాసేపు గమనించండి. కొన్ని కార్లు ఆపిన లైట్లకు కూడా చిన్న చిన్న కరెంటు పల్సులు పంపి బల్బు ఉందో లేదో చూసుకుంటాయి. ఫిలమెంటు వాటికి వెలగదు, ఎల్‌ఈడీ మాత్రం మినుకుమినుకుమంటుంది. అలా కనిపిస్తే ఆ బల్బు మీ కారుకు పనికిరాదు, మార్చేయండి.